బౌల్డర్స్ బీచా, స్టోనీ పాయింటా? ఆఫ్రికన్ పెంగ్విన్‌ల కోసం నాలుగు రోజులు

కేప్‌టౌన్ వెళ్లినవాళ్లు పెంగ్విన్‌లంటే సైమన్స్‌టౌన్‌లోని బౌల్డర్స్ బీచ్‌కే పోతారు. డిసెంబర్‌లో మేమూ ముందు అక్కడికే వెళ్లాం, ఒక టూర్ బస్సులో. ఇచ్చిన నలభై నిమిషాల్లో సగం టికెట్ లైన్‌లోనే పోయింది. టూర్ బుక్ చేసేముందు అక్కడ ఎంతసేపు ఆపుతారో తప్పకుండా అడగండి.

మనసు ఒప్పక ఆ రాత్రికి సైమన్స్‌టౌన్‌లోనే చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. గది ఇరుకే, కానీ తెల్లారకముందే అచ్చం గాడిద ఓండ్రపెట్టినట్టు పెంగ్విన్‌ల అరుపులు వినిపించాయి. గేటు తెరిచే వేళకే వెళ్తే చెక్క నడకదారి మీద పది మంది కూడా లేరు.

దారికి రెండు బారల దూరంలో ఒక పెంగ్విన్ కదలకుండా నిలబడి ఉంది. మెడ చుట్టూ గోధుమరంగు పాత ఈకలు కుచ్చులుగా వేలాడుతున్నాయి, కింద కొత్త నలుపు మెరుస్తోంది. ఇవి ఏడాదికోసారి ఈకలన్నీ ఒకేసారి మార్చుకుంటాయి. దాదాపు మూడు వారాలు ఒంటికి నీళ్లు అంటకుండా కాపాడే ఈకలు ఉండవు కాబట్టి సముద్రంలోకి దిగలేవు, అంటే తిండి లేదు. ముందే కడుపారా తిని ఒళ్లు చేయకపోతే ప్రాణం నిలవదు. అలాంటి పక్షి ముఖం మీదకి ఒకాయన సెల్ఫీ స్టిక్ చాపితే, పాపం, పొదలోకి జరిగింది. నాకు చాలా బాధనిపించింది.

అవి తినే సార్డిన్, ఆంకోవీ చేపలే తగ్గిపోయాయి. 2024లో ఈ జాతిని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించారు. పదివేల జంటలు కూడా మిగల్లేదు.

మర్నాడు కారు అద్దెకు తీసుకుని బెట్టీస్ బే దగ్గరున్న స్టోనీ పాయింట్‌కి వెళ్లాం. దూరం ఎక్కువే, కానీ ఫాల్స్ బే అంచునే సాగే ఆ రోడ్డు కోసమైనా వెళ్లొచ్చు. విదేశీయులకు టికెట్ బౌల్డర్స్ కంటే బాగా తక్కువ, జనమూ పలుచన. నన్నడిగితే, ఒక్కచోటికే టైముంటే ఇక్కడికే రండి. రాళ్ల మధ్య మనుషులు పెట్టిన గూళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ పక్షులు దీవుల్లో పేరుకున్న రెట్టల పొరల్లో బొరియలు తవ్వుకునేవి. ఎరువు కోసం మనుషులు ఆ పొరలను గీకేశారు. ఇప్పుడు బయట పెట్టిన గుడ్లను ఎండ మాడుస్తుంది, గల్ పక్షులు ఎత్తుకుపోతాయి. 2025 మార్చిలో కోర్టు ఉత్తర్వుతో పెంగ్విన్‌లు గుంపులుగా గూళ్లు పెట్టుకునే ఆరు కాలనీల చుట్టూ సార్డిన్, ఆంకోవీ వేటను పదేళ్లపాటు పరిమితం చేశారు. స్టోనీ పాయింట్ అందులో ఉంది.

చివరి రోజు కేప్‌టౌన్‌లోని సాన్‌కాబ్ పక్షుల ఆసుపత్రి. ఈకల కాలం ముంచుకొస్తే తల్లిదండ్రులు ఎదగని పిల్లల్ని వదిలేస్తాయి. వాటిని తెచ్చి పెంచేది వీళ్లే. అద్దం అవతల బూడిదరంగు పిల్ల ఒకటి చేపను మింగి, మరోదాని కోసం చేతి తొడుగును పొడుస్తూనే ఉంది. ముందే బుక్ చేసుకుని వెళ్లండి.