మా ట్యాంకులో ఆరేళ్ళు దాటిన స్పాంజి ఫిల్టర్: హైదరాబాద్ నీళ్ళతో నా అనుభవం

మల్కాజిగిరిలో మేం ఉండే ఫ్లాట్ హాల్లో రెండడుగుల ట్యాంకు ఒకటి ఉంది. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. లెక్క ప్రకారం 70 లీటర్లు పట్టాలి గానీ, అడుగున రాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోను 60 లీటర్ల దాకా నీళ్ళుంటాయి. 2018 జులై నుంచి అందులో నడుస్తున్నది ఒకటే ఫిల్టర్. రెండు నల్ల స్పాంజిలు, మధ్యలో ప్లాస్టిక్ గొట్టం, బయట చిన్న ఎయిర్ పంప్. పంప్ పంపే గాలి బుడగలు గొట్టంలో పైకి వెళ్తూ స్పాంజి గుండా నీళ్ళను లాగుతాయి. అప్పుడు ఫిల్టర్‌కి 250, పంపుకి 400 రూపాయలు పెట్టాను. ఇన్నేళ్ళు వాడాక, ఈ ఊళ్ళో మొదటిసారి చేపలు పెంచాలనుకునే ఎవరడిగినా ఇదే కొనమంటున్నాను. ఇది ఇబ్బంది పెట్టే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

అంతకు ముందు ఏడాది పాటు నీళ్ళలో మునిగి ఉండే పవర్ ఫిల్టర్ వాడాను. నీళ్ళు అద్దంలా ఉండేవి. కానీ గప్పీ చేపలు పిల్లలు పెట్టిన ప్రతిసారీ తెల్లారేసరికి సగం కనిపించేవి కావు. ఫిల్టర్ విప్పితే లోపల దూదికి అతుక్కుని ఉండేవి. గప్పీ దాదాపు నెలకోసారి పిల్లలు పెడుతుంది, అంటే నెలకోసారి ఆ దృశ్యం చూడాలి. స్పాంజికి మారాక ఆ బాధ తప్పింది. ఇందులో లాగే వేగం చాలా తక్కువ. పిల్లలు ఆ స్పాంజి మీదే తిరుగుతూ, దానికి పట్టిన కంటికి కనిపించని జీవుల్ని తింటూ పెరుగుతాయి.

ఈ ఫిల్టర్ చెత్తను పట్టుకోవడం కన్నా పెద్ద పని ఇంకొకటి చేస్తుంది. చేపల వ్యర్థం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా వస్తుంది. అది చేపలకు విషం. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదమే. నైట్రేట్ మాత్రం కాస్త ఉన్నా చేపలు తట్టుకుంటాయి, వారం వారం నీళ్ళు మారిస్తే అది తగ్గుతుంది. ఆ బాక్టీరియాలు ఉండేది స్పాంజి రంధ్రాల్లోనే. కొత్త ట్యాంకులో అవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపులో ట్యాంకు, చేపలు ఒకే రోజు అమ్మేస్తారు. పది రోజుల్లో చేపలు ఒక్కొక్కటీ పోతాయి, మనకేమో చేపలు పెంచే చెయ్యి లేదనుకుని మానేస్తాం. నా మొదటి ట్యాంకు అలాగే పోయింది. ఈ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

2020 సంక్రాంతి తర్వాత నాన్న ఊరి నుంచి వచ్చి వారం ఉన్నారు. నేను ఆఫీసుకెళ్ళినప్పుడు, ఆ స్పాంజి నల్లగా మడ్డి పట్టి ఉందని తీసి, బాత్రూంలో కుళాయి కింద పెట్టి తెల్లటి నీళ్ళు వచ్చేదాకా పిండి కడిగారు. సాయంత్రం ఎంతో సంతోషంగా చూపించారు. ఆ రోజు కుళాయిలో వచ్చినవి క్లోరిన్ వాసన ఘాటుగా ఉన్న మున్సిపల్ నీళ్ళు, ఆ క్లోరిన్‌కి స్పాంజిలో బాక్టీరియాలు చచ్చిపోతాయి. మూడో రోజుకి ట్యాంకు నీళ్ళు పాలు కలిపినట్టయ్యాయి. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. టెస్ట్ కిట్‌లో అమోనియా చుక్కలు వేస్తే పసుపు రంగులో ఉండాల్సిన నీళ్ళు ముదురు ఆకుపచ్చకు తిరిగాయి. పది రోజులు రోజూ సగం నీళ్ళు మార్చాను, మేత దాదాపు ఆపేశాను. అయినా తొమ్మిది చేపలు పోయాయి. నాన్న ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. తప్పు ఆయనది కాదు, నేను చెప్పలేదు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా ముందు అదే అడుగుతారు, "ఏరా, స్పాంజి కడగడానికి ట్యాంకు నీళ్ళు బకెట్లో తీసి పెట్టావా?" అని.

కడిగే పద్ధతి అదే. నీళ్ళు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో మూడు నాలుగు సార్లు మెల్లగా పిండాలి, అంతే. గోధుమరంగు మరకలు అలాగే ఉండనివ్వాలి. రెండు స్పాంజిలున్నది కొనమనడానికి కారణం కూడా ఇదే. ఈ నెల ఒకటి, వచ్చే నెల రెండోది. రెండూ ఒకే రోజు ముట్టుకోను.

ఇక నీళ్ళ సంగతి. మా అపార్టుమెంట్ సంపులోకి మున్సిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. చాలనప్పుడు బోరు నీళ్ళు కలుపుతారు, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ తెప్పిస్తారు. తాగే నీళ్ళ ఫిల్టర్ కోసం కొన్న టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపేది) కుళాయి నీళ్ళలో పెడితే ఒక వారం 280 చూపిస్తుంది, ఇంకో వారం 900. చేప పాలిట ఇది ఉన్నట్టుండి వేరే చెరువులో పడేసినట్టే. అందుకని మీటర్ పెట్టకుండా ఒక్క మగ్గు కూడా పొయ్యను. రెండు బకెట్ల నీళ్ళు ఒక రోజు ముందే మూత లేకుండా పెట్టుకుంటాను, యాంటీ క్లోరిన్ చుక్కలు కూడా వేస్తాను. వారానికి 15 లీటర్లే మారుస్తాను. ట్యాంకు నీళ్ళకీ బకెట్ నీళ్ళకీ బాగా తేడా ఉంటే రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పోస్తాను.

చేపల్ని కూడా మన నీళ్ళను బట్టే తెచ్చుకోవాలి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు గట్టి నీళ్ళలో, అంటే ఉప్పులు ఎక్కువున్న నీళ్ళలో, హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రాలు మెత్తటి నీళ్ళ చేపలు. రెండుసార్లు తెచ్చాను, రెండుసార్లూ నెల తిరక్కుండానే పోయాయి, మళ్ళీ తేలేదు. బోరు నీళ్ళతో ఇంకో ప్రమాదం ఉంది. మా బోరు నీళ్ళ పీహెచ్, అంటే నీళ్ళు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 8 దగ్గర ఉంటుంది. 7 నుంచి 8కి వెళ్తే అమోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. చల్లగా ఉండే బెంగళూరులో నా మిత్రుడి ట్యాంకులో సాగిన నిర్లక్ష్యం మే నెలలో మన దగ్గర సాగదు.

మే అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం మా ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలకు పోతాయి. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. ఇక్కడే స్పాంజి ఫిల్టర్ విలువ తెలుస్తుంది. ఆ బుడగలు పైకి వచ్చి నీటి పైభాగాన్ని రోజంతా కదిలిస్తూనే ఉంటాయి. ఇంకా వేడిగా ఉంటే మూత తీసి టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదకు తిప్పుతాను, రెండు డిగ్రీలు తగ్గుతుంది. అలా ఆవిరైన నీళ్ళ బదులు మాత్రం తాగే ఆర్వో నీళ్ళే పోస్తాను, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి.

కరెంటు విషయం. పంప్ వాడేది 5 వాట్లు, నెలంతా తిరిగినా నాలుగు యూనిట్లు దాటదు, ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది. కానీ ఇన్వర్టర్ లేని రోజుల్లో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. పంప్ స్టాండు కింద నేల మీద ఉంది. గాలి ఆగేసరికి ట్యాంకు నీళ్ళు పైపులోంచి వెనక్కి దిగి, పంపులోంచి నేల మీదకు కారాయి. పంప్ పాడైపోయింది, అదృష్టం కొద్దీ ఎవరికీ షాక్ తగల్లేదు. నీళ్ళను వెనక్కి రానివ్వని ఇరవై రూపాయల నాన్ రిటర్న్ వాల్వ్ పైపు మధ్యలో పెట్టి ఉంటే ఇది జరిగేదే కాదు. ఇప్పుడు వాల్వ్ ఉంది, పంప్ కూడా నీటి మట్టం కన్నా పైన అరలో ఉంది. మీరు పంప్ కొన్నరోజే ఈ వాల్వ్ అడిగి తీసుకోండి.

నచ్చనివి మూడు. పంప్ గుయ్యిమనే చప్పుడు రాత్రిపూట తెలుస్తుంది, మడతపెట్టిన టవల్ మీద పెడితే సగం తగ్గుతుంది. లోపలి రబ్బరు పొర రెండేళ్ళకోసారి మార్చాల్సి వచ్చింది. నీళ్ళలో తేలే సన్నటి నలుసును ఇది పూర్తిగా పట్టదు, ఫోటోలో మెరిసే నీళ్ళు కావాలంటే ఇది చాలదు. గోల్డ్ ఫిష్ పెంచేవాళ్ళకి కూడా ఇదొక్కటే సరిపోదు, అవి చేసే మురికి చాలా ఎక్కువ, అసలు వాటికి రెండడుగుల ట్యాంకే చిన్నది. అద్దాలు శుభ్రం చేస్తుందని షాపులో అంటగట్టే సక్కర్ చేప కూడా అంతే, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక చెరువులో వదిలేయొద్దు, అది మన చెరువుల చేప కాదు.

స్పాంజిలు ఇప్పటికి ఒకసారే మార్చాను. అదీ పాతదాని పక్కనే కొత్తది ఆరు వారాలు నడిపించాక. ఆ పని చేశాకే ఇంకో ఉపయోగం తెలిసింది. ఇప్పుడు ట్యాంకు మూలలో ఎప్పుడూ ఒక చిన్న స్పాంజి ఫిల్టర్ అదనంగా నడుస్తూ ఉంటుంది. మూడో అంతస్తులో పాప పుట్టినరోజుకి ట్యాంకు కొన్నారు. బాక్టీరియాలు పట్టిన ఆ అదనపు స్పాంజి ఫిల్టర్‌ని మా ట్యాంకు నీళ్ళతో సహా కవర్లో వేసి ఆ సాయంత్రమే వాళ్ళింట్లో బిగించాను. నాలుగు గప్పీలతో మొదలుపెట్టించాను, నాలుగూ ఉన్నాయి. వాళ్ళకిచ్చిన దాని స్థానంలో నిన్న కొత్తది పెట్టాను.