జొన్న చేలో మెరుపు రిబ్బను: ఒక యాసంగి అనుభవం

మహబూబ్‌నగర్ జిల్లాలోని మా రెండెకరాల యాసంగి జొన్నను గిజిగాడు పిట్టల నుంచి కాపాడుకోవడానికి, ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు ఉండే మెరుపు రిబ్బనును ఈసారి కొన్నాను. గింజ పాలు పోసుకునే దశలో ఈ పిట్టలు గుంపులుగా దిగుతాయి. కంకిని కాళ్లతో పట్టుకుని, గింజను ముక్కుతో నొక్కి పాలు తాగి పొట్టు వదిలేస్తాయి; పొద్దున చేలోకి వెళ్తే ఆకుల మీద తెల్లటి చుక్కలు, కంకి కొసన ఖాళీ పొట్టు కనిపించి మనసు చివుక్కుమంటుంది.

రిబ్బను ఎలా కట్టాలో దుకాణంలో ఎవరూ చెప్పలేదు. నేను తూర్పు పడమరలుగా, మెలిక లేకుండా బిగించి కట్టాను. పిట్టలు లెక్కచేయలేదు, చేను ఒక మూల పూర్తిగా పోయింది. తరువాత వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి, ఉత్తర దక్షిణాలుగా, వరుసకూ వరుసకూ ఐదు మీటర్ల దూరంతో, కంకుల కంటే అర మీటరు ఎత్తున, రెండు మూడు మెలికలు తిప్పి మళ్లీ కట్టాను. ఎండకు తళతళలాడుతూ, గాలికి జుమ్మని మోగుతుంటే గుంపు చేను మీదికి వచ్చి, వాలకుండానే మళ్లిపోయింది.

లోపాలు లేకపోలేదు. గాలి లేని మబ్బు రోజుల్లో దీని ప్రభావం బాగా తగ్గుతుంది, ఆ రోజుల్లో నేను మంచె ఎక్కి డబ్బా మోగించక తప్పలేదు. ముందే కట్టేస్తే పిట్టలు దానికి అలవాటు పడతాయి కనుక పాలు పోసుకునే వేళకే కట్టాలి. కట్టెకు ముడివేసిన చోట త్వరగా తెగుతుంది, అక్కడ గుడ్డ పీలిక చుట్టాలి.

వల దీనికంటే గట్టి రక్షణే, కానీ ఖర్చు ఎక్కువ, అందులో చిక్కిన పిట్టలు చనిపోతాయి. మా బావి మీది ఈత చెట్లకు గూళ్లు అల్లే ఈ పిట్టలే తమ పిల్లలకు పురుగులు ఏరి పెడతాయి, వాటిని చంపడం నాకు ఇష్టం లేదు. ఆఫ్రికాలో గిజిగాడికి బంధువైన ఎర్రముక్కు క్వీలియా అనే పిట్టలు లక్షల సంఖ్యలో గుంపులుగా చేలను ఊడ్చేస్తుంటే, వాటిని చంపడానికి విమానాలతో మందు చల్లుతారు. మన చేలలో అంతటి ఉపద్రవం లేదు, రిబ్బను చాలు.

కోత అయ్యాక పశువులు నమలకుండా మొత్తం విప్పి కట్టెకు చుట్టి పెట్టాను, సగానికి పైగా వచ్చే యాసంగికి పనికొస్తుంది.