సమాన అవకాశాల విభాగం: పరీక్షల్లో మంచి అండ, ఫిర్యాదుల్లో బలహీనం

కృష్ణా జిల్లాలోని ఒక అటానమస్ ఇంజినీరింగ్ కళాశాలలో మా మేనకోడలు కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. ఆమెకు పుట్టుకతోనే చూపు బాగా తక్కువ కావడం వల్ల, చేరిన నాటి నుంచి, వివక్ష లేకుండా చూస్తూ అవసరమైన విద్యార్థులకు అండగా ఉండాల్సిన అక్కడి సమాన అవకాశాల విభాగంతో మా కుటుంబానికి పని పడుతూనే ఉంది. కళాశాలల మీద వచ్చే అభిప్రాయాలు ఎక్కువగా ప్లేస్‌మెంట్లు, హాస్టల్ భోజనం, బస్సుల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి, పిల్లల చదువు నిలబడటానికి అంతే ముఖ్యమైన ఈ సేవ గురించి రాస్తున్నాను.

ఉన్నత విద్యాసంస్థల్లో ఇలాంటి విభాగం ఉండాలని, వివక్షను అరికట్టేందుకు ఒక అధికారిని నియమించాలని, వచ్చిన ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లోనే నిబంధనలు తెచ్చింది. చాలాచోట్ల అది నోటీసు బోర్డు మీద ఒక పేరుగానే మిగిలింది. ఇక్కడ మాత్రం గ్రంథాలయం పక్కన, మెట్లు ఎక్కనవసరం లేని చోట ఒక గది, అందులో పనివేళల్లో దొరికే ఒక ఉద్యోగిని ఉన్నారు.

ఈ విభాగం నిజంగా మెచ్చుకోదగిన పని చేస్తున్నది పరీక్షల విషయంలో. నిర్ణీత స్థాయి (కనీసం 40 శాతం) వైకల్యం ఉన్న విద్యార్థులకు గంటకు 20 నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనపు సమయం ఇవ్వాలన్న కేంద్ర మార్గదర్శకాలు 2018 నుంచీ ఉన్నాయి. అయినా ఇన్విజిలేటర్‌కు ఆ సంగతి తెలియక, ప్రతి పరీక్షకూ విద్యార్థే వివరించుకోవలసి రావడం ఎంత అవమానకరమో అనుభవించిన వారికి తెలుస్తుంది. ఈ విభాగం వారు సెమిస్టర్ మొదట్లోనే వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) చూసుకుని, అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెప్పింది రాసిపెట్టే వ్యక్తి) వివరాలను నేరుగా పరీక్షల విభాగానికి పంపుతారు. ప్రశ్నపత్రాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించి ఇస్తారు. మా అమ్మాయి పరీక్ష గదిలోకి వెళ్లి కూర్చుని రాస్తుంది, అంతే. ఎవరినీ బతిమాలుకోవలసిన అవసరం రాలేదు.

తరగతి పాఠాల దగ్గర పరిస్థితి ఇంత బాగా లేదు. కొందరు అధ్యాపకులు చేతిరాత నోట్సును ఫోటో తీసి పీడీఎఫ్‌గా పంపుతారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది కానీ, అది బొమ్మగా ఉన్న పేజీలోని పాఠాన్ని ఉన్నదున్నట్టు చదవలేదు. టైపు చేసిన నోట్సు ఇమ్మని విభాగం సర్క్యులర్ పంపింది, కొందరు పాటించారు, మిగిలిన వారిని అడిగే అధికారం తమకు లేదని విభాగం వారే ఒప్పుకున్నారు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన వారి కోసం మొదటి సెమిస్టర్‌లో సాయంత్రపు తరగతులు నడుపుతున్నారు. గణితాన్ని, ప్రోగ్రామింగ్‌ను తెలుగులో వివరిస్తూ ఇంగ్లిష్ పదాలను అలవాటు చేసే ఆ పద్ధతి చాలా బాగుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి ఆలస్యమైనప్పుడు హాల్ టికెట్లు ఆపవద్దని విభాగం యాజమాన్యాన్ని ఒప్పించగలిగింది. ఇంట్లో మొదటిసారి కళాశాల గడప తొక్కిన పిల్లలకు ఈ ఒక్క నిర్ణయం ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

కానీ కుల వివక్ష విషయానికి వచ్చేసరికి ఈ విభాగం బలహీనపడిపోతోంది. ‘నీ ర్యాంకెంత?’ అన్న ప్రశ్న మన కళాశాలల్లో చాలాసార్లు ఏ కోటాలో సీటు వచ్చిందో రాబట్టడానికే అడుగుతారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, గేట్ స్కోరు తోటి విద్యార్థులను అడగడం తగదని ఐఐటీ బొంబాయి 2023లో తన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఇక్కడ కొత్తగా చేరిన వారి పరిచయ కార్యక్రమంలోనే ర్యాంకులు చెప్పించారు. మా మేనకోడలి సహాధ్యాయి ఒకరిని ప్రయోగశాల వైవాలో కోటా పేరుతో తక్కువ చేసి మాట్లాడితే, ఆ అబ్బాయి ఫిర్యాదు చేయలేదు. ఎందుకంటే వివక్ష నిరోధక అధికారిగా ఉన్నది ఆ అబ్బాయి చదివే శాఖకే అధిపతి, ఇంటర్నల్ మార్కుల మీద సంతకం పెట్టేదీ ఆయనే. ఆ పరిస్థితిలో ఏ విద్యార్థి నోరు విప్పుతాడు? ఫిర్యాదులు రాలేదు కాబట్టి వివక్ష లేదని వార్షిక నివేదికలో రాసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. మార్కులతో సంబంధం లేని వ్యక్తిని, వీలైతే కళాశాల బయటి వారిని ఆ బాధ్యతలో నియమించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ కళాశాలను నేను నిస్సందేహంగా సూచిస్తాను. దళిత, గిరిజన కుటుంబాల వారికి మాత్రం అంత నమ్మకంగా చెప్పలేను. వారు వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి కళాశాలకు వెళ్లి, ఫిర్యాదులు వినే అధికారి ఎవరో, ఆయన ఏ శాఖలో మార్కులు వేస్తారో, గడిచిన ఏడాది వచ్చిన ఫిర్యాదులను ఎన్ని రోజుల్లో పరిష్కరించారో అడిగి తెలుసుకోవాలి.