హనుమకొండ మాల్ సెల్లార్ పార్కింగ్: బిల్లు పారేయకండి

రేటింగ్ 5కి 2.5. ఆ మార్కులు స్థలానికి, వెలుతురుకు. పోయినవి గేటు దగ్గరి వసూలుకు.

పై సెల్లార్‌లో బైకులు, కింది సెల్లార్‌లో కార్లు. బోర్డు ప్రకారం బైకుకు 20, కారుకు 40. పిల్లర్లకు నంబర్లున్నాయి, బండి వెతుక్కునే బాధ లేదు. ర్యాంపు మలుపు మాత్రం ఇరుకు. గోడ మీద నడుమెత్తున బంపర్ల రంగులన్నీ అంటుకుని ఉన్నాయి, ఎరుపు, తెలుపు, వెండి. పొడవు బండైతే ఒక్క తిప్పుకు రాదు, ఒకసారి వెనక్కి తీయాల్సిందే.

ఇక పైసల సంగతి. రాష్ట్ర పురపాలక శాఖ 2018 మార్చి 20న ఇచ్చిన 63వ నంబరు జీవో ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలకు బిల్లున్నా లేకున్నా ఫీజు తీసుకోవద్దు. అరగంట దాటి గంటలోపైతే లోపల కొన్న ఏ బిల్లయినా చాలు, నీళ్ల సీసాదైనా సరే. గంట దాటితే బిల్లు మొత్తం పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువుండాలి, సినిమా టికెట్టయినా నడుస్తుంది. అరగంట దాటినంక చేతిలో బిల్లు లేకుంటే కట్టాల్సిందే, అందులో కొట్లాట లేదు. విడిగా ఉండే సింగిల్ స్క్రీన్ థియేటర్లకు 2021 జులైలో ఫీజు తీసుకునే వీలిచ్చారు కనుక అక్కడ ఈ లెక్క చెప్పి లాభం లేదు.

ఈ మాల్‌లో చిక్కంతా లోపలికి వచ్చేటప్పుడే పైసలు అడగడం. ముందే తీసుకుంటే అరగంట లెక్క ఎవరు చూస్తారు? ‘బిల్లు చూపిస్తే వాపస్ ఇస్తం’ అంటారు గానీ బయటికి పోయే గేటు వేరు, అక్కడి మనిషి వేరు, ఆయనకు ఆ సంగతే తెలియదు. ‘పోయేటప్పుడు ఇస్తనన్నా, టైం రాసియ్యి’ అని గట్టిగా అంటే రాసిస్తున్నారు. ఆ టోకెన్ పలుచటి గులాబీ చీటీ. 4 రాస్తే 9 లాగా కనిపిస్తుంది, చెమట చేతిలో అరగంట ఉంటే అదీ కనిపించదు. తీసుకోగానే ఫోన్‌తో ఫొటో కొట్టండి. ఫొటోకు పడే సమయమే మీకు సాక్ష్యం.

ఇంకో మెలిక. సమయం లెక్కపెట్టేది గేటు దగ్గర, మీరు బండి తీసిన దగ్గర కాదు. ఆదివారం సాయంత్రాలు, బతుకమ్మ చీరల సీజన్‌లో ర్యాంపు మీదే పది నిమిషాలు పోతాయి. ఉచితంగా బయటపడాలంటే 15 నిమిషాలకే కిందికి దిగాలి. సెల్లార్‌లో సిగ్నల్ రాదు, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది, వెనక హారన్లు మొదలవుతాయి. చిల్లర జేబులో పెట్టుకోండి. బిల్లు వాట్సాప్‌లో వచ్చేదైతే పైనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

జరిమానా బోర్డులు రెండున్నాయి: టోకెన్ పోతే 200, గీత దాటి పెడితే 500 కట్టేదాకా చక్రానికి తాళం. టోకెన్ పోయినప్పుడు ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూసి బండి ఓనర్‌దేనని తేల్చుకోవడం సబబే, దానికి 200 ఎందుకో ఎవరూ చెప్పరు. చలాన్ రాసే అధికారం పోలీసులకు, రవాణా శాఖ అధికారులకు ఉంది గానీ సెక్యూరిటీ గార్డుకు లేదు. తాళం వేస్తే గొడవపడకుండా సంస్థ పేరు, జీఎస్టీ నంబరుతో రశీదు అడగండి. చాలాసార్లు అక్కడే మెత్తబడతారు. లేదంటే 100కు ఫోన్ చేయండి.

ఫిర్యాదు చేయాలంటే టోకెన్, బిల్లు, బోర్డు మూడింటి ఫొటోలతో గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో ఇవ్వండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. హైదరాబాద్‌లో ఇదే జీవో తప్పిన మాల్స్‌కు జీహెచ్‌ఎంసీ 50 వేల చొప్పున జరిమానా వేసింది.

‘ఓనర్ రిస్క్’, అంటే బండికి ఏమైనా మా బాధ్యత లేదనే బోర్డు చూసి బెదరొద్దు. హోటల్ సిబ్బందికి తాళంచెవి ఇచ్చిన కారు పోయిన కేసులో, సొంత నిర్లక్ష్యానికి అలాంటి మాట అడ్డు పెట్టుకోలేరని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. అయితే ఇక్కడ తాళంచెవి మన దగ్గరే ఉంటుంది కాబట్టి వాదన అంత తేలిక కాదు. బైకులు జరపడానికి హ్యాండిల్ లాక్ వేయొద్దంటారు, వినకండి. హెల్మెట్ వెంట తీసుకుపోండి. కింది సెల్లార్‌లో లిఫ్టు పక్క ఖాళీ చూసి మురిసిపోవద్దు, పైన పైపు కారుతోంది. ఆ సున్నపు నీళ్ల మరక ఎండితే మామూలు వాషింగ్‌కు పోదు.