వెర్సాయ్‌లో మూడు గంటల గైడెడ్ టూర్: అద్దాల మందిరంలో మెప్పించింది, రాజు పడకగదిలో నిరాశపరిచింది

ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనాన్ని సొంతంగా చుట్టి రావడం సులువే. అయినా ఆ గదుల వెనుక ఉన్న రాజకీయం తెలిసినవారు వెంట ఉంటే బాగుంటుందని, దాన్ని కట్టించిన పద్నాలుగవ లూయీ నిరంకుశ రాచరికమే ప్రధానాంశంగా ఒక ప్రైవేటు సంస్థ నడిపే పర్యటనలో చేరాను. చిన్న బృందం, స్పష్టంగా వినిపించే ఇయర్‌ఫోన్, తొందరపెట్టని నడక. ఏర్పాట్లలో వంక పెట్టడానికేమీ లేదు.

అద్దాల మందిరంలో గైడ్ చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. 73 మీటర్ల ఆ మందిరంలో 357 అద్దాలున్నాయి. పెద్ద అద్దాల తయారీలో వెనిస్‌కున్న ఆధిపత్యాన్ని తప్పించడానికే మంత్రి కోల్బేర్ 1665లో రాజపోషణతో కర్మాగారం పెట్టించాడనీ, అందువల్ల ఆ గోడ అలంకారం మాత్రమే కాక ఆర్థిక విధాన ప్రకటన కూడా అనీ ఆమె వివరించారు. (అదే కోల్బేర్ 1664లో నెలకొల్పిన ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ 1669లో మన మచిలీపట్నంలో వర్తకస్థానం తెరిచింది.) పైకప్పు మీద హెర్క్యులస్ గాథను చిత్రించాలన్న ఆలోచన మాని, పద్నాలుగవ లూయీ విజయాలనే చిత్రకారుడు లె బ్రన్ చేత చిత్రింపజేశారన్న సంగతిని బొమ్మలు చూపిస్తూ చెప్పడం చక్కగా కుదిరింది.

అసలు లోపం పడకగదిలో బయటపడింది. 1655లో పారిస్ పార్లమాఁలో (రాజశాసనాలను నమోదు చేసే ఉన్నత న్యాయస్థానంలో) లూయీ "నేనే రాజ్యం" అన్నాడని ఆమె నిర్ధారణగా చెప్పారు; ఆ మాటకు సమకాలీన ఆధారం లేదు. మరణశయ్యపై "నేను వెళ్ళిపోతున్నాను, రాజ్యం మాత్రం ఎప్పటికీ ఉంటుంది" అని ఆయన అన్నట్లు మాత్రం ఆస్థానంలోని వారే రాసిపెట్టారు. ఆయన 1715 సెప్టెంబరు 1న ఈ గదిలోనే మరణించాడు. మరుసటి రోజే, 1673లో ఆయన నోరు కట్టేసిన ఆ పార్లమాఁయే ఆయన వీలునామాలోని ముఖ్య నిబంధనలను పక్కన పెట్టి, బాలుడైన వారసుడి తరఫున పాలించడానికి లూయీ తమ్ముడి కొడుకు ఓర్లేయాఁ డ్యూక్‌కు పూర్తి రాజప్రతినిధి అధికారం ఇచ్చింది. అందుకు ప్రతిఫలంగా, శాసనాలను నమోదు చేయకముందే అభ్యంతరం చెప్పే హక్కును తిరిగి పొందింది. నిరంకుశాధికారం పరిమితులను ఇంతకన్నా సూటిగా చూపే ఘట్టం లేదు. ఆ మంచం ముందు పావుగంట నిలబెట్టి కూడా దాని ఊసెత్తకపోవడం నాకు బాధ కలిగించింది.

ఉదయం తనకు చొక్కా అందించే గౌరవాన్ని ప్రభువులకు ఎరచూపి రాజు వారిని బానిసలుగా మార్చుకున్నాడన్న గైడ్ వివరణ కూడా సగమే నిజం. 1649 జనవరిలో పదేళ్ళ వయసులో ఫ్రోండ్ అనే తిరుగుబాటుకు (రాజాధికారంపై పార్లమాఁ, ప్రభువులు లేవదీసినది) వెరచి రాత్రికి రాత్రి పారిస్ విడిచిన ఆ పిల్లవాడు, పెద్దయ్యాక ప్రభువర్గాన్ని అణచడంతో సరిపెట్టుకోలేదు. పింఛన్లతో, సైనిక పదవులతో, పన్ను మినహాయింపులతో దాన్ని తన పాలనలో భాగస్వామిని చేసుకున్నాడు. ఉద్యోగాలను అమ్మి ఖజానా నింపుకున్న రాజు, కొన్నవారిని తేలిగ్గా తొలగించలేకపోయాడు కూడా. దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ వంటి రాష్ట్రాల్లో పన్నులకు స్థానిక సభల ఆమోదం తీసుకునే పద్ధతి చివరిదాకా కొనసాగింది.

యుద్ధచిత్రాల శాలను గబగబా దాటించారు. అది 1837 నాటి, తర్వాతి కాలపు రాజు లూయీ ఫిలిప్ ఏర్పాటు గనుక నాకు అభ్యంతరం లేదు.

కళ, నిర్మాణం కోసం వెళ్ళేవారికి ఈ టూర్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. చరిత్ర కోసం వెళ్ళేవారు మాత్రం టికెట్టు కొనేముందే 1715 నాటి వీలునామా గురించి గైడ్ మాట్లాడతారో లేదో సంస్థను అడగండి. సోమవారం భవనానికి సెలవు.