ఆర్‌వీలో ఏ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోవడం మేలు?

అమెరికాలో ఆర్‌వీ, అంటే వంటగట్టు, పడక ఉండే ఇల్లులాంటి బండి, సొంతానికి కొన్నా, సెలవులకు అద్దెకు తీసుకున్నా, తలుపు పక్కన గోడకు ఓ చిన్న ఎర్ర సిలిండర్ తగిలించే ఉంటుంది. అది ఉంది కదా అని చాలామంది ఇక ఆ సంగతే ఆలోచించరు. దాని లేబుల్ ఒక్కసారి చదవండి. చాలా బండ్లలో 5-బీ:సీ అనో 10-బీ:సీ అనో ఉంటుంది. అంటే పెట్రోలు, నూనె, గ్యాస్ మంటలకూ, కరెంటు పరికరాలకూ పనికొస్తుంది. చెక్క, పరుపు, కర్టెన్, సోఫా ఫోమ్ అంటుకుంటే వాడటానికి దానికి రేటింగే లేదు. ఆర్‌వీ గోడల లోపల ఉన్న సరుకంతా దాదాపు అదే.

రేటింగ్ చదవడం తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ లెక్కలో 'ఏ' అంటే చెక్క, బట్ట లాంటి వాటి మంట. దాని ముందున్న అంకె నీటి బలం చెబుతుంది. 1-ఏ అంటే 1.25 గ్యాలన్ల నీళ్లు చేసేంత పని, 2-ఏ అంటే 2.5 గ్యాలన్లు చేసేంత పని. 'బీ' ముందున్న అంకె, అనుభవం లేని మనిషి కూడా ఆర్పగలిగే ద్రవం మంట ఎన్ని చదరపు అడుగులో చెబుతుంది. 'సీ'కి అంకె ఉండదు. లోపలి పదార్థం గుండా కరెంటు పాకదని మాత్రమే దాని అర్థం.

ముందు బీసీ పౌడరా, ఏబీసీ పౌడరా తేల్చుకోవాలి. బీసీలో సాధారణంగా ఉండేది సోడియం బైకార్బనేట్, అంటే మన వంటసోడాయే. మంటను చప్పున అణుస్తుంది, శుభ్రం చేసుకోవడం కూడా తేలిక. కానీ పరుపు లోపల రాజుకున్న నిప్పును అది ముట్టుకోదు, కాసేపటికి మళ్లీ మంట లేస్తుంది. ఏబీసీలో ఉండే మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ వేడికి కరిగి, కాలుతున్న వస్తువు మీద పొరలా అంటుకుంటుంది. గాలి అందక నిప్పు చస్తుంది. దీనికో ఇబ్బంది ఉంది: ఆ పసుపు పొడి తేమ తగిలితే లోహాన్ని తినేస్తుంది. ఇన్వర్టర్, కంట్రోల్ బోర్డులు, అల్యూమినియం చట్రాలు దెబ్బతింటాయి. మంట పూర్తిగా ఆరి, అంతా చల్లారిందని నిర్ధారించుకున్నాక ఆలస్యం చేయకుండా ఊడ్చి తీసేయాలి. అయినా బండి మిగిలితేనే కదా బోర్డుల గొడవ. తలుపు దగ్గర ఉండాల్సింది ఏబీసీయే.

తర్వాత సైజు. రెండున్నర పౌండ్ల ఏబీసీకి సాధారణంగా 1-ఏ:10-బీ:సీ రేటింగ్ ఉంటుంది. నొక్కితే 8 నుంచి 12 సెకన్లలో ఖాళీ అవుతుంది. తొలి రెండు సెకన్లు గురి కుదరడానికే పోతాయి. ఐదు పౌండ్లదైతే 3-ఏ:40-బీ:సీ దొరుకుతుంది, సుమారు 14 సెకన్లు వస్తుంది. సెకన్లలో తేడా కొంచెమే, పనిలో తేడా చాలా ఎక్కువ. నిండుగా ఉన్నప్పుడు సిలిండర్‌తో కలిపి తొమ్మిది పౌండ్ల దాకా తూగుతుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని బ్రాకెట్ నుంచి తీసి ఎత్తగలరో లేదో ఓసారి చూడండి. ఎత్తలేకపోతే రెండున్నర పౌండ్లవి రెండు మేలు.

కొనేటప్పుడు జనం పట్టించుకోనిది వాల్వ్. ప్లాస్టిక్ తలవి చవక, ఒకసారి వాడి పారేసేవి. 2017 నవంబరులో కిడ్డే కంపెనీ ప్లాస్టిక్ హ్యాండిల్, పుష్ బటన్ మోడళ్లను ఒక్క అమెరికాలోనే 3.7 కోట్లకు పైగా వెనక్కి పిలిచింది. నాజిల్ మూసుకుపోవడం, నొక్కడానికి విపరీతమైన బలం కావాల్సి రావడం, ఒక్కోసారి నాజిల్ ఊడి ఎగిరిపడటం కారణాలు. వాటిలో 1973 నుంచి తయారైనవీ ఉన్నాయి. పాత ఆర్‌వీ కొన్నవాళ్లు గోడకున్నదాని మోడల్ నంబరు ఆ రీకాల్ జాబితాతో పోల్చి చూడాల్సిందే. లోహపు వాల్వ్ ఉండి, మళ్లీ నింపించుకోగలిగేది కొంటే గతుకుల దారుల్లో ఊగినా నమ్మకంగా ఉంటుంది. పారేసే రకాన్ని తయారైన తేదీ నుంచి 12 ఏళ్లకు తీసేయాలి. నింపించుకునే రకానికి ఆరేళ్లకోసారి లోపల విప్పి చూడటం, 12 ఏళ్లకోసారి హైడ్రోస్టాటిక్ పరీక్ష (నీటి ఒత్తిడికి సిలిండర్ తట్టుకుంటుందో లేదో చూడటం) ఉంటాయి.

మిగతా రకాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఏమీ మిగల్చకుండా ఆర్పుతుంది, కానీ బరువెక్కువ, 'ఏ' రేటింగ్ లేదు, ఒత్తిడి చూపే గేజ్ ఉండదు కాబట్టి తూచి చూస్తేగానీ నిండుగా ఉందో లేదో తెలీదు. అంత ఇరుకు గదిలో వదిలితే మనిషికి ఊపిరాడదు కూడా. హాలోట్రాన్ లాంటి క్లీన్ ఏజెంట్లు, అంటే పొడి మిగల్చకుండా మంట ఆర్పే రసాయనాలు, ఎలక్ట్రానిక్స్‌కు మంచివే. కాకపోతే ఐదు పౌండ్లదానికి వచ్చేది 5-బీ:సీ మాత్రమే, 1-ఏ:10-బీ:సీ కావాలంటే 11 పౌండ్లది మోయాలి, ధర మాత్రం పౌడర్‌దానికి కొన్ని రెట్లు. స్ప్రే డబ్బాల్లో వచ్చే ఫోమ్ వంటగట్టు దగ్గర అదనంగా ఉంటే ఉండనివ్వండి, యూఎల్ రేటింగ్ ఉన్న సిలిండర్‌కు బదులు కాదు. నీళ్లతో పనిచేసేవి చలికాలంలో గడ్డకడతాయి.

వంటగట్టు సంగతి వేరే. గారెలకో పునుగులకో మూకుడు నిండా నూనె పెట్టే అలవాటు ఆర్‌వీ స్టవ్ మీద తగ్గించుకోవాలి. నూనె అంటుకుంటే ముందు చేతికి రావాల్సింది సిలిండర్ కాదు, మూత. పక్క నుంచి జరుపుతూ మూత మూసి, స్టవ్ ఆపి, చల్లారేదాకా మూత తియ్యకండి. నీళ్లు అస్సలు పోయకూడదు. అది కుదరకపోతేనే పౌడర్. రెండడుగుల దూరం నుంచి కొడితే ఆ వేగానికి నూనె చిమ్మి గోడకు అంటుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది అడుగులు వెనక్కి ఉండాలి. బండి వెడల్పు మహా అయితే ఎనిమిదిన్నర అడుగులు కాబట్టి పొడవు దిక్కున, తలుపు మీ వెనక ఉండేలా నిలబడండి. ప్రొపేన్ లీకై మండుతుంటే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. గ్యాస్ ఆగకుండా మంట ఒక్కటే ఆర్పితే బండంతా గ్యాస్ నిండి పేలిపోవచ్చు.

చేతిలో ఎంత మంచిది ఉన్నా అందని చోట్లు రెండున్నాయి. గ్యాస్‌తో నడిచే ఆర్‌వీ ఫ్రిజ్ వెనక గొట్టం పగిలితే అమ్మోనియా, హైడ్రోజన్ బయటికొస్తాయి, అక్కడే బర్నర్ ఉంటుంది. మంట కనబడేసరికి గోడ కాలిపోతూ ఉంటుంది. ఇంజిన్ గది కూడా అంతే, అందులోనూ డీజిల్ ఇంజిన్ వెనక ఉండే పెద్ద బండ్లలో డ్రైవర్‌కు పొగ ఆలస్యంగా కనిపిస్తుంది. ఈ రెండు చోట్లా వేడికి తనంతట తానే తెరుచుకునే ఆటోమేటిక్ యూనిట్ బిగించుకోవడం ఖర్చుకు తగిన పనే. ఇంజిన్ మూత పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఎగుస్తుంది, సందులోంచే పౌడర్ కొట్టాలి. లిథియం బ్యాటరీకి మాత్రం ఇవేవీ సరిపోవు. పొగ, బుసబుస శబ్దం మొదలైతే అందరూ దిగిపోయి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడమే.

ఇక ఎక్కడ పెట్టాలి? ఐదు పౌండ్ల ఏబీసీ తలుపు దగ్గర, కానీ స్టవ్‌కు ఆనుకుని కాదు. మంట దాటి చెయ్యి చాచాల్సి వస్తే అది అక్కడున్నా లేనట్టే. 1-ఏ:10-బీ:సీ ఒకటి పడకగదిలో, ఇంకొకటి బయటి నుంచి తెరిచే సామాన్ల అరలో, తాళం వేయకుండా. ఎక్కువ పౌడర్ సిలిండర్ల లేబుల్ మీద గరిష్ఠ ఉష్ణోగ్రత 120 డిగ్రీల ఫారన్‌హీట్ అని ఉంటుంది. అరిజోనా ఎండలో మూసి నిలిపిన బండి లోపల అది దాటిపోతుంది, కాబట్టి వేసవిలో గేజ్ తరచూ చూడండి. నెలకోసారి గేజ్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా, పిన్, సీలు ఉన్నాయా, నాజిల్‌లో పురుగులు గూడు కట్టాయా అన్నవి చూసి, తలకిందులు చేసి అడుగున అరచేత్తో తట్టండి, గడ్డకట్టిన పౌడర్ కదులుతుంది. అద్దె బండైతే తాళాలు తీసుకునేటప్పుడే తయారీ తేదీ, గేజ్ చూసి, ముల్లు ఆకుపచ్చలో లేకపోతే అక్కడికక్కడే మార్పించుకోండి.