పదేళ్లు దాటిన మా డీజిల్ కారు, దాని ఫిల్టర్ దగ్గరి చేతి పంపు

ఈ కారు మైలేజీ, పికప్, డిక్కీ సైజు గురించి కొత్తగా రాయడానికి ఏమీ లేదు. బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు రాకముందు వచ్చిన చిన్న డీజిల్ సెడాన్, 2013 మోడల్. ఇలాంటివి రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. నేను చెప్పాలనుకున్నది బానెట్ ఎత్తితే డీజిల్ ఫిల్టర్ పక్కన పైపు మధ్యలో కనబడే నల్ల రబ్బరు బుడ్డి గురించి. లారీ వాళ్లు హ్యాండ్ ప్రైమర్ అంటారు. పిడికిట్లో పట్టేంతే ఉంటుంది. ఈ కారులో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు అదే.

ఎందుకంటే మేముండేది ఒడిశా రాయగడలో. కంపెనీ సర్వీసుకి మేం విజయనగరం పోతాం, అంటే వంద కిలోమీటర్ల పైమాటే. ఈ కారు టాంకులో కరెంటు పంపు లేదు. ఇంజిన్ దగ్గరున్న పంపే టాంకు నుంచి డీజిల్‌ని పీల్చుకుంటుంది. అలాంటి బండికి ఫిల్టర్ మార్చినా, లైన్‌లోకి గాలి చేరినా స్టార్ట్ అవదు. ఊరికే సెల్ఫ్ కొడుతూ ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. పైగా ఇంజిన్ దగ్గరున్న ఆ హైప్రెషర్ పంపుకి డీజిలే ఆయిల్, అది లేకుండా పొడిగా తిప్పితే అరిగిపోతుంది. అదే ఈ బుడ్డి ఉంటే, అది చేతికి గట్టిగా తగిలేదాకా నొక్కడం, సెల్ఫ్ కొట్టడం, అంతే. ఒకసారి కాశీపూర్ దారిలో ఫిల్టర్‌లో నీళ్లు చేరినట్టు లైటు వెలిగింది. రోడ్డు పక్కన ఆపి, ఫిల్టర్ అడుగున ఉన్న మర వదులు చేసి, నీళ్లు సీసాలోకి వంపి, ప్రైమర్ నొక్కి బయల్దేరాం. కొత్త కార్లలో ఇది స్కానర్ పెట్టి చేయాల్సిన పని అని చాలామంది చెబుతారు. ఆ రోజు నాకు ఒక స్పానర్ చాలింది.

అందుకే చాలా ఏళ్లు అడిగిన ప్రతివాళ్లకీ, పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఉంటే నాలుగు నొక్కులు నొక్కండి, పోతుంది అని చెప్పేవాణ్ణి. లీకు వచ్చాక ఆ మాటకి కొంచెం చేర్పు అవసరమైంది.

మొదట వాసన కనిపెట్టింది మా ఆవిడ. వాకిట్లో ముగ్గు వేస్తుంటే డీజిల్ వాసన, నీళ్లు చల్లితే నేల మీద రంగుల తెట్టు. కారు కింద చూస్తే అరచేతంత తడి. మా ఇల్లు వాలులో ఉంది, కారు ముందు భాగం పల్లం వైపు ఉండేలా పెడతాం. ఆ రోజు విజయనగరం ప్రయాణం. సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్ట్ అయింది, దారిలో ఏ ఇబ్బందీ లేదు. తిరిగొచ్చాక రెండు మూడు రోజులు నేల పొడిగానే ఉంది, కానీ పొద్దున్నే స్టార్ట్ అవడానికి మొరాయించింది. ప్రైమర్ నొక్కితే బుడ్డి మెత్తగా, ఖాళీగా ఉంది. నొక్కాను, స్టార్ట్ అయింది.

ఇలాగే నెలలు సాగింది. తడి ఉన్న రోజు స్టార్టింగ్ బ్రహ్మాండం. స్టార్టింగ్ ట్రబుల్ ఉన్న రోజు నేల మీద చుక్క ఉండదు. ఊళ్లో ఇద్దరు మెకానిక్‌లకి చూపించాం. ఇద్దరూ షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి, టార్చి వేసి చూసి, లీకేం లేదన్నారు. ఒకాయన బ్యాటరీ మార్చమన్నారు, ఇంకొకాయన చల్లటి ఇంజిన్‌ని స్టార్టింగ్‌కి వేడిచేసే గ్లో ప్లగ్గులు మార్చారు. చేతి చమురు వదిలింది కానీ వాసన వదలలేదు. ఇంట్లో చిన్న పిల్లలు తిరుగుతారు, వాకిలి పక్కనే వంటింటి కిటికీ. ఆ టెన్షన్ మామూలుగా లేదు.

చిక్కు విప్పింది పక్కింటి బాబాయ్. లారీ మీద జయపూర్, రాయ్‌పూర్ తిరిగి రిటైరైన మనిషి. తడి చూసి ఆయన అడిగింది ఒకటే: "రాత్రి టాంకు ఫుల్ కొట్టించినావా బాబూ?"

అవును. ఆంధ్రలో డీజిల్ రేటు మా దగ్గరికంటే ఎక్కువ, అందుకే అటు ప్రయాణం ఉంటే ముందురోజు సాయంత్రమే ఇక్కడ టాంకు నింపేస్తాం. ఈ సరిహద్దులో చాలామంది చేసే పనే. తడి కనబడిన రోజులన్నీ ప్రయాణం రోజులే అని అప్పుడు తట్టింది.

బాబాయ్ చెప్పింది ఇది. ఫిల్టర్ దగ్గర ఎక్కడో సన్న సందు ఉంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పంపు లాగుతుంది కాబట్టి ఆ సందులోంచి గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. మెకానిక్‌లకి కనబడకపోవడానికి కారణం అదే. ఆపాక సంగతి వేరు. టాంకులో డీజిల్ మట్టం ఫిల్టర్ కంటే కిందుంటే సందులోంచి గాలి దూరి, లైన్‌లో ఉన్న డీజిల్ వెనక్కి టాంకులోకి జారిపోతుంది, పొద్దున్నే సెల్ఫ్ మొరాయిస్తుంది. టాంకు నిండుగా ఉండి, బండి ముందు భాగం పల్లానికి ఉంటే మట్టం ఫిల్టర్ కంటే పైకి వస్తుంది, అదే సందులోంచి డీజిల్ కారుతుంది. లైను నిండుగానే ఉంటుంది గనక స్టార్టింగ్‌కి ఢోకా ఉండదు. రెండు జబ్బులని మేమనుకున్నది ఒకటే జబ్బు.

ఇది విన్నాక ఎంత తేలికపడ్డానో! చోటు పట్టుకోవడం ఇంట్లోనే చేశాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫిల్టర్, పైపులు, క్లిప్పులు అన్నీ పాత గుడ్డతో పొడిగా తుడిచి, పిల్లల టాల్కం పౌడర్ పల్చగా చల్లి, కింద అట్టముక్క పరిచి, ఫుల్ టాంకుతో వాలులో రాత్రంతా వదిలేశాం. తెల్లారి పౌడర్ మీద తడి చార స్పష్టంగా ఉంది. ఫిల్టర్ అడుగున నీళ్ల లైటు తాలూకు సెన్సర్ బిగించే చోట, ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు సీలు నుంచి.

ఎవరైనా ఇది చేస్తే ఒక్క మాట. ఇంజిన్ మీద ఇంజెక్టర్లకి వెళ్లే స్టీలు పైపుల జోలికి వెళ్లకండి. ఇంజిన్ నడుస్తుండగా వాటిలో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. కంటికి కనబడనంత సన్నటి ధార కూడా చర్మంలోకి చొచ్చుకుపోతుంది. సూది గుచ్చినంత గాయమే అనిపించినా అది ఆపరేషన్ దాకా తెచ్చే ప్రమాదం. తడి ఆ వైపు ఉంటే చేత్తో తడమకుండా మెకానిక్‌ని పిలవండి. నేను ముట్టుకున్నది ఫిల్టర్ వైపే, అదీ ఇంజిన్ ఆపి ఉండగా. డీజిల్ పెట్రోల్‌లా గుప్పున అంటుకోదు కదా అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. వేడెక్కిన టర్బో మీదో సైలెన్సర్ పైపు మీదో పడితే డీజిల్ కూడా అంటుకుంటుంది. నేల మీది దాన్ని నీళ్లతో కాలువలోకి తోయకుండా రంపపు పొట్టు చల్లి ఎత్తేశాం.

రింగ్ దగ్గర ఇంకో చుట్టు తిరిగాం. మెకానిక్ మొదట హార్డ్‌వేర్ షాపులో అదే సైజుది తెచ్చి వేశారు. కొన్నాళ్లకే ఉబ్బి, మెత్తబడి మళ్లీ కారింది. నీళ్ల కుళాయిలకి వాడే కొన్ని రకాల రబ్బరు డీజిల్‌కి ఆగదు. నైట్రైల్ గానీ వైటాన్ గానీ అయి ఉండాలి. విజయనగరంలో ఫిల్టర్ కిట్‌తో పాటు వచ్చిన రింగ్‌ని కొంచెం డీజిల్‌తో తడిపి, మెలిక పడకుండా చేత్తోనే బిగించాం. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద డీజిల్ పడకుండా ముందే ప్లాస్టిక్ కవర్ కప్పాను. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే దారిలో జానెడు పారదర్శకం పైపు తగిలించి ఇంజిన్ నడిపితే, ఒక్క బుడగ కూడా పోలేదు. ఆ పైపు పరీక్షకి మాత్రమే, డీజిల్‌కి బిరుసెక్కి పగులుతుంది కాబట్టి తీసేసి అసలుది పెట్టేశాం. అప్పటి నుంచి పొద్దున ప్రైమర్ బుడ్డి గట్టిగానే ఉంటోంది.

కాబట్టి చేతి పంపు మీద నా ప్రేమ అలాగే ఉంది, సలహా మాత్రం మారింది. ఫిల్టర్ మార్చినప్పుడు, నీళ్లు తీసినప్పుడు దాన్ని మించింది లేదు. మామూలు రోజుల్లో పొద్దున్నే నొక్కాల్సి వస్తోందంటే గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. నొక్కగానే బండి కదులుతుంది, అందుకే జబ్బు నెలల తరబడి బయటపడదు. అప్పుడప్పుడూ బుడ్డి మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని ఊరికే తడిమి చూడటం మాత్రం మంచి అలవాటు, ఏ పరికరమూ అక్కర్లేదు.

పాత డీజిల్ కారు కొనొచ్చా అని బంధువులు అడుగుతున్నారు. లక్ష్మీపూర్ ఘాటు ఎక్కి కొరాపుట్ వెళ్లేవాళ్లకి, బిస్సంకటక్, మునిగుడా వైపు పనులున్నవాళ్లకి, కాస్త చేతులు మురికి చేసుకునే ఓపిక ఉంటే, ఇలాంటి చేతి పంపున్న బండి దొరికితే నేను వద్దనను. కొనేముందు టాంకు నింపి, ముందు భాగం పల్లానికి పెట్టి ఒక రాత్రి ఉంచి చూడమంటాను. విశాఖలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టుకుని, ఆఫీసుకి పది కిలోమీటర్లు తిరిగే మా తమ్ముడికి మాత్రం పెట్రోల్ బండే తీసుకోమన్నాను.